రాజమహేంద్రవరం నుంచి కొత్తపేటకు రోజూ బస్సులో వెళ్లిరావచ్చా?

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. రాజమహేంద్రవరంలో ఆర్టీసీ కాంప్లెక్సుకు దగ్గరలో ఇల్లు, కొత్తపేటలోని ప్రభుత్వ కార్యాలయంలో కొత్తగా వచ్చిన జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం, ఇంట్లో నాలుగేళ్ల బాబు, ముందర శాఖాపరమైన పరీక్షలు ఉన్నాయని రాశారు. స్కూటీ కొనుక్కోమని అత్తగారింట్లోనూ, అప్పు చేసైనా కారు తీసుకోమని కార్యాలయంలోనూ చెబుతున్నారనీ, ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టడానికి కూడా చోటుండడం లేదని మరికొందరు భయపెడుతున్నారనీ అన్నారు. రోజూ బస్సును నమ్ముకోవడం తెలివైన పనేనా, దానివల్ల నిజంగా ఏమైనా మేలుందా అన్నది మీ సందేహం.

నేను 1986లో ఆర్టీసీలో కండక్టరుగా చేరి గోదావరి జిల్లాల రూట్లలో తిరిగాను. చివరి ఏళ్లు బస్టాండులో కంట్రోలరుగా చేసి 2019లో పదవీ విరమణ పొందాను. వేమగిరి, కడియపులంక, జొన్నాడ, రావులపాలెం, పలివెల మీదుగా కొత్తపేట చేరే మీ దారిలో ఎక్కడ ఎవరు చేయి ఎత్తుతారో కూడా నాకు తెలిసినంత పరిచయం ఉంది. మీరు నిశ్చింతగా బస్సులోనే వెళ్లండి. ఎందుకు చెబుతున్నానో, ఎక్కడెక్కడ జాగ్రత్తగా ఉండాలో కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ విషయంలో చాలామంది టికెట్టు డబ్బుల లెక్క ఒక్కటే చూసుకుని నిర్ణయానికి వచ్చేస్తారు.

ముందుగా ఆ డబ్బుల సంగతే చూద్దాం. వెళ్లడానికీ రావడానికీ కలిపి రోజుకు సుమారు 80 కిలోమీటర్లు, ఏడాదికి 300 పనిదినాలు అనుకుంటే 24,000 కిలోమీటర్లు అవుతాయి. లీటరుకు 45 కిలోమీటర్లు ఇచ్చే స్కూటీకి ఏడాదికి 530 లీటర్ల పైన పెట్రోలు పడుతుంది. లీటరు 109 రూపాయల చొప్పున లెక్కేసినా దాదాపు 58 వేల రూపాయలు. సర్వీసింగులూ టైర్లూ బీమా ఇంకా దీని పైన. పైగా ఏడాదికి 24 వేల కిలోమీటర్లంటే ఊళ్లో తిరిగే స్కూటీకి నాలుగైదేళ్ల నడక, కాబట్టి మీ వాయిదాలు తీరేసరికి బండి కూడా తీరిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి బస్సు ప్రయాణం ఉచితం చేసిన స్త్రీశక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైన నాటి నుంచి మీకు ఈ దారిలో పల్లె వెలుగులోనూ ఎక్స్‌ప్రెస్‌లోనూ ఛార్జీ లేదు కనుక, ఈ పోలికను ఇంతకంటే సాగదీయనవసరం లేదు. ఇదే ప్రయాణం మీ భర్తగారు చేయవలసి వచ్చినా నెలవారీ సీజన్ టికెట్టు తీసుకుంటే పెట్రోలు ఖర్చుతో పోలిస్తే ఎంతో మిగులుతుంది.

డబ్బు కంటే నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ రోడ్డు. వేమగిరి దాటిన దగ్గర నుంచి రావులపాలెం దాకా మీరు వెళ్లేది చెన్నై, కోల్‌కతాలను కలిపే 16వ నంబరు జాతీయ రహదారి. పగలు చూస్తే విశాలంగా, నునుపుగా, అరగంటలో వెళ్లిపోవచ్చుననిపించేలా ఉంటుంది. కానీ రోజూ రెండు పూటలా, ఏడాది పొడవునా దాని మీద రెండు చక్రాల మీద వెళ్లడం వేరే సంగతి. జొన్నాడ వంతెన మీద గౌతమి పాయ వైపు నుంచి అడ్డంగా కొట్టే గాలికి ఖాళీ లారీలే కాస్త ఊగుతాయి. పక్కనుంచి ఒక కంటైనరు దాటినప్పుడు ఆ గాలి విసురుకు స్కూటీ ఒక జానెడు పక్కకు జరుగుతుంది, ఆ జానెడు చోటు ఎప్పుడూ ఉంటుందని చెప్పలేము. రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు వేసుకొచ్చే బండ్లు, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలెక్కించుకుని రోడ్డెక్కే వ్యానులు, ఎదురుదారిలో అడ్డం పడి వచ్చేసే మోటారు సైకిళ్లు, ఇవన్నీ సరిగ్గా మీరు ప్రయాణం చేసే వేళల్లోనే ఎక్కువ.

ఋతువులను బట్టి ఆ దారి ఎలా మారుతుందో కూడా చెప్పాలి. సార్వా (ఖరీఫ్ వరి) కోతల ముందు, అక్టోబరు, నవంబరు నెలల్లో సాయంత్రం దీపాలు వెలిగే వేళకు వరికి పట్టే సుడిదోమ అనే చిన్న పురుగు పొలాల మీద నుంచి మబ్బులా లేచి వెలుగు కనిపించిన చోటల్లా ముసురుతుంది. హెల్మెట్టు అద్దం వేసుకుంటే ఊపిరాడదు, తీస్తే కళ్లలో పడుతుంది. ఆ రోజుల్లో బస్సు ముందు అద్దం మీద అంగుళం జాగా లేకుండా పురుగు అంటుకుపోతే, డ్రైవరు స్టేజి దగ్గర ఆపి, సీసాలో నీళ్లు పోసి, పాత గుడ్డతో తుడుచుకుని మళ్లీ బయలుదేరడం నేను ఎన్నోసార్లు చూశాను. బస్సు కాబట్టి ఆగి తుడుచుకున్నాడు, లోపల యాభై మందీ కళ్లు మూసుకుని కునుకు తీస్తున్నారు. కోతలయ్యాక రావులపాలెం నుంచి లోపలికి వెళ్లే రోడ్లలో ధాన్యం ఆరబోస్తారు. ఆ గింజల మీద బ్రేకు వేస్తే రెండు చక్రాల బండి నిలవదు. సంక్రాంతి ముందూ వెనుకా తెల్లవారుజామున కాలువల వెంబడి పొగమంచు దట్టంగా పడుతుంది, ఆ తరువాత ఎండలు, ఎండల వెంటనే వానలు. మూడువందల రోజులకు మూడువందల రోజులూ ఒకేలా ప్రయాణం చేయగలిగేది బస్సులో కూర్చున్నవారే.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో దాదాపు 44 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళుతున్నవారే. బస్సుల్లో ప్రయాణిస్తూ మరణించినవారు మూడు శాతంలోపే. రోడ్ల మీద ద్విచక్ర వాహనాల సంఖ్య చాలా ఎక్కువన్నది నిజమే, ఆ మేరకు ఈ పోలికను సరిచూసుకోవాలన్నదీ నిజమే. అయినా ఒక్కొక్క బస్సు ఎంతమందిని మోస్తుందో గుర్తుంచుకుంటే ఆ తేడా ఎంత పెద్దదో అర్థమవుతుంది. చుట్టూ ఇనుప చట్రం ఉన్న పెద్ద బండి, ఏళ్ల తరబడి అదే దారిలో నడిపిన డ్రైవరు, ఒక వేగానికి మించి పోనివ్వని యంత్రం, ఈ మూడూ మీకు తెలియకుండానే మీకు కాపలా కాస్తుంటాయి. నాలుగేళ్ల బిడ్డ తల్లికి ఈ ఒక్క కారణమే చాలునని నా నమ్మకం.

ఇక కాలం సంగతి. బస్సులో వెళ్లడానికీ రావడానికీ కలిపి మీకు రోజుకు రెండున్నర గంటలు పట్టవచ్చు. స్కూటీ మీద అయితే అరగంట తగ్గవచ్చునేమో. కానీ స్కూటీ మీద గడిపే రెండు గంటల్లో ఒక్క నిమిషం కూడా మీది కాదు, బస్సులో గడిపే రెండున్నర గంటలూ మీవే. ఏడాదికి అవి 750 గంటలు. మీరు శాఖాపరమైన పరీక్షలు ప్యాసవ్వాలి. ఇంటికి వెళ్లాక బాబు, వంట, మరుసటి రోజు పనుల మధ్య పుస్తకం తెరిచే వీలు మీకు ఎంత దొరుకుతుందో మీకే తెలుసు. నా బస్సులో వెళ్లివచ్చిన ఉపాధ్యాయులు జవాబు పత్రాలు దిద్దుకునేవారు, బ్యాంకు ఉద్యోగులు పదోన్నతి పరీక్షలకు చదువుకునేవారు, ఒకామె రెండేళ్లలో దూరవిద్యలో ఎం.ఏ. పూర్తి చేసి ఫలితాలు వచ్చిన రోజు బస్సంతా పూతరేకులు పంచింది. చదువుతుంటే తల తిరిగే స్వభావం ఉంటే వెనుక సీట్లను వదిలేయండి. ముందు చక్రానికీ వెనుక చక్రానికీ మధ్యనున్న సీట్లలో కుదుపు తక్కువ. అక్కడ కూడా చదవలేకపోతే పాఠాలను ఫోనులో విని, రాసుకునే పని ఇంటి దగ్గర పెట్టుకోండి. చదువు లేని రోజున కిటికీ పక్క సీటులో ఒక కునుకు తీసినా నష్టం లేదు. అలసిన తల్లి ఇంటికి రావడానికీ, కాస్త తేరుకున్న తల్లి ఇంటికి రావడానికీ తేడాను పిల్లలు వెంటనే కనిపెడతారు.

రద్దీ గురించి మీకు చెప్పినవారు అబద్ధమాడలేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9న ఇలాంటిదే అయిన మహాలక్ష్మి పథకం మొదలైనప్పుడూ బస్సులు ఇలాగే ఒక్కసారిగా నిండాయి, ఇక్కడా నిండాయి. ఇంతకాలం ఛార్జీ లేక ఇంటి దగ్గరే ఉండిపోయిన ఆడవాళ్లు ఇప్పుడు ఆసుపత్రికీ, పుట్టింటికీ, పనికీ కదులుతున్నారంటే దాన్ని నేను మంచికే లెక్కేస్తాను. నిలబడి వెళ్లవలసిన రోజులు మీకు ఉంటాయి. అయితే అవి తగ్గించుకునే పద్ధతులు కూడా ఉన్నాయి.

ఉదయం కాంప్లెక్సులోనే ఎక్కండి, ఊరి చివర స్టాపుల్లో ఎక్కే అలవాటు పెట్టుకోకండి. బయలుదేరే చోట పది నిమిషాల ముందు ఉన్నవారికి సీటు దొరకకపోవడం అరుదు. కొత్తపేట నుంచి తిరిగి వచ్చేటప్పుడు అమలాపురం నుంచి వచ్చే బస్సు ఎక్కాలి కనుక సీటు కష్టం. కానీ రావులపాలెంలో చాలామంది దిగుతారు, అక్కడిదాకా ఓపిక పడితే చాలు. అమలాపురం బోర్డు చూసి అన్నింటికీ పరుగెత్తకండి. నాన్‌స్టాప్ బస్సులు కొత్తపేటలో ఆగవు, స్త్రీశక్తి వాటికి వర్తించదు కూడా. పల్లె వెలుగు, అల్ట్రా పల్లె వెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అనే ఐదు రకాల్లోనే ఉచితం. వాటిలో మీ దారికి పనికొచ్చేవి పల్లె వెలుగు తరహావీ ఎక్స్‌ప్రెస్‌లూ. ఎక్స్‌ప్రెస్ మీకు సరిపోతుంది. అది తప్పిపోయినప్పుడు వెనుక వచ్చే పల్లె వెలుగును చిన్నచూపు చూడకండి. పది స్టాపులు ఎక్కువ ఆగినా, రద్దీ వేళ ఎక్స్‌ప్రెస్‌లో నిలబడటం కంటే అందులో కూర్చుని వెళ్లడమే మేలు.

ఇంకొక మాటను మీరు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆధార్ గానీ, ఓటరు కార్డు గానీ, రేషన్ కార్డు గానీ చూపించి సున్నా టికెట్టు తప్పకుండా అడిగి తీసుకోండి. "డబ్బులు లేని టికెట్టే కదా, రోజూ కనబడే అమ్మే కదా" అని రద్దీలో కండక్టరు మరిచిపోయినా మీరు మరవకండి. తనిఖీవారు ఎక్కినప్పుడు ఇబ్బంది రాకూడదన్నది ఒక కారణమైతే, అంతకంటే పెద్ద కారణం ఒకటుంది. ఆ కాగితం మీద మీ దగ్గర డబ్బు తీసుకోకపోయినా, ఆ మొత్తాన్ని ప్రభుత్వం సంస్థకు చెల్లించేది ఆ టికెట్ల లెక్క మీదనే. అంతేకాదు, ఒక ట్రిప్పు ఉండాలా తీసేయాలా అన్న చర్చ డిపోలో జరిగినప్పుడు బల్ల మీదికి వచ్చేవి రెండే అంకెలు. సీట్లలో ఎన్ని నిండుతున్నాయన్న శాతం ఒకటి, దాన్ని మేము ఓఆర్ అంటాము. కిలోమీటరుకు ఎంత వస్తున్నదన్నది రెండోది, దాన్ని ఈపీకే అంటాము. బస్సులో మీరు ఉన్నారనడానికి సాక్ష్యం మీ చేతిలోని టికెట్టే. టికెట్టు లేకుండా యాభై మంది ఎక్కిన ట్రిప్పు కూడా కాగితం మీద ఖాళీ ట్రిప్పే.

ఆ అంకెల వెనుక ఏముంటుందో ఒక ఊరి ముచ్చట చెబితే మీకు తేలికగా తెలుస్తుంది. కోనసీమలో గోదావరి పాయను ఆనుకుని ఉన్న ఒక ఊరికి నేను చాలాకాలం నైట్ హాల్టు బస్సు మీద డ్యూటీ చేశాను. రాత్రి ఎనిమిదిన్నర దాటాక ఆఖరి ట్రిప్పు ఆ ఊరి రామాలయం ముందు ఆగేది. డ్రైవరూ నేనూ పంచాయతీ అరుగు మీద పడుకుని, తెల్లవారుజామున ఐదు గంటలకు మళ్లీ బండి తీసేవాళ్లం. ఆ ఊళ్లో ఒక ముసలామె ఉండేది, చక్కెర జబ్బు మనిషి. నెలకొకసారి కాకినాడ పెద్దాసుపత్రికి వెళ్లి మందులు తెచ్చుకోవాలి. వెళ్లవలసిన రోజుకు ముందు రాత్రే వచ్చి, తన గుడ్డ సంచిని డ్రైవరు వెనుక సీటులో పెట్టి, "బాబూ, ఇది ఇక్కడుందంటే నేను వస్తున్నట్టే, నన్ను వదిలిపోకండి" అని చెప్పి ఇంటికి వెళ్లిపోయేది. ఆ సంచిలో ఆసుపత్రి చీటీ, ఒక స్టీలు గ్లాసు, మారుచీర ఉండేవి. ఉదయం ఆమె రావడం రెండు నిమిషాలు ఆలస్యమైతే డ్రైవరు ఇంజను ఆన్ చేసి హారన్ కొట్టేవాడు, ఆ మోత విని సందు చివర నుంచి ఆమె కేక వినబడేది. అదే బస్సులో పాలక్యాన్లు, కాలేజీకి వెళ్లే ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు, కొబ్బరి ఒలుపుకు అంబాజీపేట వెళ్లే కూలీలు ఎక్కేవారు. ఆ కాలేజీ పిల్లలకు ఆ ఉదయపు బస్సూ, సాయంత్రం అదే బస్సు వెనక్కి రావడమూ లేకపోతే చదువు పదో తరగతితో ఆగిపోయేదని వాళ్ల తల్లులే నాతో అన్నారు. ఆ బస్సు లెక్కలు ఎప్పుడూ గొప్పగా ఉండేవి కావు. అమలాపురం, రావులపాలెం మధ్య నిండుగా నడిచే మీ బస్సుల్లాంటివి సంపాదించిపెడితేనే, ఆ లోపలి ఊళ్లకు రాత్రి బస్సు వెళ్లగలిగేది. మీరు రోజూ ఎక్కి టికెట్టు తీసుకోవడం వల్ల మేలు పొందేవారిలో మీరు ఎప్పుడూ చూడనివారూ ఉన్నారు.

కోనసీమ విషయంలో ఇది ఇంకా ముఖ్యం. కాకినాడ నుంచి కోటిపల్లి వరకు రైలు పట్టాలున్నాయి గానీ, గౌతమి దాటి అమలాపురానికి రైలు ఇంకా రాలేదు. యానాం, ఎదుర్లంకల మధ్య బాలయోగి వంతెన 2002లో వచ్చేవరకు కాకినాడ వైపు నుంచి వచ్చేవారు యానాం ఒడ్డున దిగి, నది దాటించే పంటు (పెద్ద పడవ) ఎక్కి, అవతలి ఒడ్డున మళ్లీ బండి వెతుక్కునేవారు. వరద వస్తే పంటు ఆగేది, దానితో ప్రయాణమూ ఆగేది. వంతెన తెరిచాక మొదటిసారి ఆ దారిన బస్సులో వెళ్లిన రోజు, నది మధ్యకు వచ్చేసరికి ప్రయాణికులు ఒకరి తరువాత ఒకరు లేచి కిటికీల్లోంచి కిందికి తొంగిచూడటం నాకు ఇంకా కళ్లకు కట్టినట్టుంది. రైలు లేని చోట బస్సే రైలు, అంబులెన్సు లేని వేళ బస్సే అంబులెన్సు, పార్శిలు బండీ అదే. కొత్తపేటలో మీ కార్యాలయానికి వచ్చే తపాలా సంచీ కూడా ఏదో ఒక రోజు మీతోపాటు అదే బస్సులో ప్రయాణం చేస్తుంది.

ఇంధనం సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. మన బస్సు లీటరు డీజిలుకు సుమారు ఐదు కిలోమీటర్లు నడుస్తుంది. వినడానికి తక్కువే అయినా, అందులో 45 మంది ఉంటే ఆ లీటరు మీద మనుషులు చేసిన ప్రయాణం మొత్తం 225 కిలోమీటర్లు. ఒక్కరే వెళ్లే స్కూటీకి అది 45. కారులో ఒక్కరే వెళితే పదిహేనో ఇరవయ్యో. ఈ డెల్టాలో కాలువ గట్ల మీది రోడ్లను వెడల్పు చేయడానికి చోటే లేదు, ఒక వైపు నీళ్లు, మరొక వైపు ఇళ్లు. అక్కడ నలభై అయిదు మందికి నలభై బండ్లు నడవడం కంటే ఒక్క బస్సు నడవడం ఎంత నయమో, ఎదురుగా వచ్చే ట్రాక్టరుకు దారివ్వలేక ఆగిన ఎవరికైనా తెలుసు.

ఒంటరిగా వెళ్లడం గురించి మీ అత్తగారికి భయమున్నట్టు రాశారు. ఆమెకు ఇలా చెప్పండి. రోజూ ఒకే బస్సులో వెళ్లేవారు నెల తిరిగేసరికి ఒక చిన్న కుటుంబమవుతారు, మేము వాళ్లను రెగ్యులర్లు అనేవాళ్లం. మూడో సీటు మేడంగారు రాలేదేమని అడిగేవాళ్లుంటారు, వంట గ్యాసు నుంచి పెళ్లి సంబంధాల దాకా మాట్లాడుకునేవాళ్లుంటారు, ఎవరైనా తాగి ఎక్కి వెకిలిగా ప్రవర్తిస్తే ముందు ఆ రెగ్యులర్లే లేస్తారు. కండక్టరు చేతిలో విజిలు ఉంటుంది, డ్రైవరు పోలీసు స్టేషను ముందు బండి ఆపగలడు. రాత్రి ఏడు గంటలకు జాతీయ రహదారి మీద స్కూటీ టైరు పంక్చరైన ఆడమనిషికి ఈ రక్షణలో ఏ ఒక్కటీ లేదు. ముందు సీట్లు స్త్రీలకు కేటాయించినవే. అక్కడ మగవారు కూర్చుని ఉంటే మొహమాటపడకుండా లేవమని అడగండి, లేదా కండక్టరుకు చెప్పండి. ఫుట్‌బోర్డు మీద మాత్రం ఒక్క స్టాపుకైనా నిలబడకండి, కదిలే బస్సును అందుకోవడానికి పరుగెత్తకండి. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన బాధాకరమైన ప్రమాదాల్లో ఎక్కువ భాగం ఆ రెండింటి దగ్గరే జరిగాయి.

ఇబ్బంది పెట్టే రోజులు కొన్ని ఉన్నాయి, వాటిని ముందే తెలుసుకోవడం మంచిది. శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి ఏడు వారాల మొక్కుతో వచ్చే భక్తులతో రావులపాలెం బస్టాండు కిటకిటలాడుతుంది. మీకు శనివారం పని ఉంటే అరగంట ముందు బయలుదేరండి. మాఘమాసంలో భీష్మ ఏకాదశి నాడు అంతర్వేది రథోత్సవానికీ, సంక్రాంతికీ ప్రత్యేక బస్సులు వేస్తారు కనుక మామూలు ట్రిప్పులు తగ్గవచ్చు. పెళ్లి ముహూర్తాలు బాగా ఉన్న రోజుల్లో అద్దెకు వెళ్లే బస్సులుంటాయి. ఇవి కాక, సాయంత్రం కార్యాలయంలో ఆలస్యమయ్యే రోజులుంటాయి. అందుకని కొత్తపేటలో ఆఖరి రెండు బస్సుల వేళలు మీకు నోటికి రావాలి. బోర్డు మీద రాసిన వేళకూ, నిజంగా వచ్చే వేళకూ తేడా ఉంటుంది, కాబట్టి మొదటి రెండు వారాలు ఒక చిన్న పుస్తకంలో ఏ బస్సు ఎప్పుడు వచ్చిందో రాసుకోండి. ఆ రెండు పేజీలు మీకు ఏళ్ల తరబడి పనికొస్తాయి. సంస్థవారి లైవ్ ట్రాక్ యాప్‌ను కూడా ఫోనులో పెట్టుకోండి, కానీ మీ పుస్తకాన్ని ఎక్కువ నమ్మండి.

బాబుకు హఠాత్తుగా జ్వరం వచ్చిందని బడి నుంచి ఫోను వస్తే ఎలాగని మీరు అడిగిన ప్రశ్నే మీ మనసులో అన్నింటికంటే బరువుగా ఉందని నాకు అర్థమైంది. అప్పుడు కొత్తపేటలో రాజమహేంద్రవరం బస్సు కోసం ఎదురుచూడకండి. ముందు ఏది దొరికితే అది, ఆటో అయినా సరే, ఎక్కి పది కిలోమీటర్ల లోపే ఉన్న రావులపాలెం చేరుకోండి. అది కూడలి. పాలకొల్లు, నరసాపురం, భీమవరం వైపు నుంచి సిద్ధాంతం మీదుగా వచ్చేవీ, అమలాపురం నుంచి వచ్చేవీ, అన్ని బస్సులూ అక్కడ కలిసి రాజమహేంద్రవరం వైపు వెళతాయి. పగటి పూట అక్కడ మీరు ఎక్కువసేపు నిలబడవలసి రాదు. అలాంటి రోజున ఛార్జీ ఉన్న బస్సు ముందు వస్తే డబ్బిచ్చి ఎక్కేయండి, ఉచితం కోసం ఆగకండి. కంగారుగా ఉన్న తల్లి ఆ హడావిడిలో స్కూటీ నడుపుకుంటూ ఆ వంతెన దాటడం కంటే, మరొకరు నడిపే బస్సులో కూర్చుని ఫోనులో డాక్టరుతో మాట్లాడుకుంటూ రావడమే బిడ్డకూ మేలు.

స్కూటీ కొనవద్దని నేను అనడం లేదు. ఇంటి నుంచి కాంప్లెక్సు వరకు వెళ్లడానికీ, దారిలో బాబును బడి దగ్గర దించడానికీ పాతది ఒకటి ఉన్నా సరిపోతుంది. కాంప్లెక్సులో సైకిల్ స్టాండు ఉంది, నెలకు మాట్లాడుకుంటే తక్కువలో పెట్టుకోనిస్తారు. రసీదు అడిగి తీసుకోండి, బండి తాళం మరొకటి ఇంట్లో ఉంచండి. సోమవారం నుంచి చేరుతున్నానన్నారు కదా, ఈ ఆదివారమే మీవారినీ బాబునూ తీసుకుని ఒకసారి కొత్తపేట వెళ్లి రండి. పలివెల ఉమా కొప్పేశ్వరుడి దర్శనం దారిలోనే అవుతుంది. కొత్తపేటలో దిగిన చోటు నుంచి మీ కార్యాలయానికి ఎన్ని నిమిషాల నడకో బాబు అడుగులతో కాకుండా మీ అడుగులతో ఒకసారి లెక్కపెట్టుకోండి. తిరుగు ప్రయాణంలో కాంప్లెక్సులో దిగాక కంట్రోలరు గది దగ్గరకు వెళ్లి, ఉదయం ఎనిమిదిలోపు కొత్తపేటలో ఆగే సర్వీసులు ఏవేవో అడగండి. నంబర్లతో సహా రాసిస్తారు.